బడి లేని ఇంట వేసవి చదువు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో బడులకు సాధారణంగా ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు మొదలై, జూన్ 12 నాటికి తిరిగి తలుపులు తెరుచుకుంటాయి. బడికి వెళ్లే పిల్లలకు ఈ ఏడు వారాలూ చదువుకు విరామం కాగా, పిల్లలను బడిలో చేర్పించకుండా ఇంటి దగ్గరే చదివించుకునే కుటుంబాలకు ఇవి ఆరుబయట నేర్చుకోదగిన సంగతులు దండిగా దొరికే రోజులు. హోమ్‌స్కూలింగ్ అని నగరాల్లో పిలుచుకునే ఈ ఇంటి చదువుకు రూపమిచ్చినవారిలో కొందరు ప్రకృతి పరిశీలనకు పుస్తకంతో సమానమైన స్థానం ఇచ్చారు. అయితే వారి ఆలోచనలు చల్లని దేశాల్లో పుట్టినవి గనుక, వాటిని తెలుగు నేల మీద ఆచరణలో పెట్టదలచినవారు ముందుగా ఇక్కడి ఎండను బట్టి వేళలనూ పాఠాలనూ తిరిగి కూర్చుకోవలసి ఉంటుంది.

ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) అనే విద్యావేత్త, చిన్నపిల్లలు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వాతావరణం అనుకూలించిన ప్రతిరోజూ నాలుగు నుంచి ఆరు గంటలు బయట గడపాలని బోధించారు. చూసిన మొక్కనూ పురుగునూ పిల్లలు తమ చేతితో బొమ్మ గీసి, తేదీ వేసి రాసుకునే ప్రకృతి దినచర్య పుస్తకం ఆమె పద్ధతిలో ముఖ్యమైన సాధనం. అమెరికాలో ఉపాధ్యాయుడైన జాన్ హోల్ట్, బడి పిల్లల్లో భయాన్నీ సరైన జవాబు కోసం ఊహాగానాలనూ పెంచుతున్నదని 1964లో వెలువడిన తన పుస్తకంలో విమర్శించి, 1977లో ఇంటి చదువు కుటుంబాల కోసం ఒక పత్రికను ప్రారంభించారు. అక్కడ 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టసమ్మతమైంది. జర్మనీలో మాత్రం బడికి హాజరు కావడం తప్పనిసరి.

భారతదేశంలో పరిస్థితి ఈ రెండింటికీ మధ్యన ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసి, పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని చెప్పింది గాని, చేర్పించనివారికి శిక్షను నిర్దేశించలేదు. ఇంటి చదువును పేరుపెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. ఈ సందిగ్ధంలో ఇంటి చదువు పిల్లలకు పరీక్షల దారి చూపుతున్నవి సార్వత్రిక విద్యాసంస్థలు. వాటిలో ప్రధానమైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989లో ఏర్పడింది. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు దాని ద్వారా పదో తరగతి స్థాయి పరీక్ష రాయవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు కూడా ఉన్నాయి.

వేళలను నిర్ణయించేది ఎండ

మేసన్ చెప్పిన గంటల లెక్కను మే నెల తెలుగు ఊళ్లలో ఉన్నదున్నట్టు పాటించడం ప్రమాదకరం. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు, తీర ప్రాంతంలో 37 డిగ్రీలకు చేరి, అది ఆ రోజుల్లో ఉండవలసిన సాధారణ స్థాయికంటే నాలుగున్నర డిగ్రీలో అంతకు మించో ఎక్కువైనప్పుడు భారత వాతావరణ శాఖ దానిని వడగాలిగా పరిగణిస్తుంది. అందువల్ల ఇక్కడి బయటి చదువు తెల్లవారుజామునుంచి ఎనిమిదింటిదాకా ఒక విడతగా, పొద్దు వాలిన తరువాత మరో విడతగా సాగాలి. నడి పగలు నీడపట్టున కూర్చుని, ఉదయం చూసినవాటిని రాసుకోవడానికీ లెక్క కట్టడానికీ మిగలాలి. పొలానికి చీకటితోనే వెళ్లి ఎండ ముదిరేలోగా తిరిగి వచ్చే రైతు కుటుంబాల దినచర్య కూడా ఇదే. బడి గంటకు కట్టుబడనవసరం లేని ఇంటి చదువు పిల్లలకు దీనిని అనుసరించడం సులువు.

నడి ఎండలో బయటికి రావలసిన పాఠం ఒకటుంది గాని, దానికి కొద్ది నిమిషాలే చాలు. కర్కట, మకర రేఖల నడుమ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏటా రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువుగా నిలిపిన కర్రకు నీడ లేకుండా పోతుంది. దీనినే శూన్య ఛాయా దినం అంటారు. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారంలోనూ, విజయవాడలో మే మొదటి వారంలోనూ, హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ వస్తుంది. హైదరాబాదులో మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో కనిపిస్తుంది. మేలో హైదరాబాదులో నీడ మాయమయ్యేది పన్నెండు గంటలకు కాక దాదాపు 12 గంటల 12 నిమిషాలకు కావడం పిల్లలను ఆలోచింపజేస్తుంది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంగా పోతుందనీ, హైదరాబాదు దానికి పడమరన ఉండడం ఈ ఆలస్యానికి ముఖ్య కారణమనీ పటం చూసి తెలుసుకోవచ్చు.

హైదరాబాదులో కర్రకు నీడ లేని ఆ మధ్యాహ్నమే తిరుపతిలో బంధువుల పిల్లలు మీటరు పొడవున్న కర్ర నీడను కొలిస్తే, అది ఆరున్నర సెంటీమీటర్ల దాకా ఉండి, మామూలుగా ఉత్తరానికి పడేది ఆనాడు దక్షిణానికి పడుతుంది. ఆ నీడ పొడవునుంచి లెక్కించిన కోణం సుమారు 3.8 డిగ్రీలు, రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరం సుమారు 420 కిలోమీటర్లు. పూర్తి వృత్తంలోని 360 డిగ్రీలలో 3.8 డిగ్రీలకు అంత దూరమైతే మొత్తం చుట్టుకొలత ఎంతని త్రైరాశికం వేస్తే, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు చాలా దగ్గరగా వస్తుంది. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో అనుసరించిన మార్గం ఇదే. రెండు కర్రలు, ఒక టేపు, ఒక ఫోను ఉన్న ఏ ఇంటివారైనా దీనిని చేసి చూడవచ్చు.

కుండ, చెట్టు, పిట్ట

ఖర్చులేని ప్రయోగాలకు వేసవి ఇల్లే మంచి చోటు. ఒక థర్మామీటరుతో వేపచెట్టు కిందా, డాబా మీదా, రేకుల కప్పు కిందా ఒకే వేళ వేడిని కొలిచి రాసుకుంటే, వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడపట్టున తీసిన కొలత అని, తలకు తగిలే ఎండ అంతకంటే తీవ్రంగా ఉండవచ్చని పిల్లలకు బోధపడుతుంది. మట్టికుండలో నీరు చల్లబడడానికి కారణం కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి చెమ్మగిల్లి ఆవిరి కావడం; ప్రతి గ్రాము నీరూ ఆవిరి అవుతూ సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో కుండ నీరు బాగా చల్లబడుతుంది. తేమ నిండిన కోస్తాలో అంతగా చల్లబడదు. విజయవాడలో చెమట ఆరక ఉక్కపోత పెట్టడానికీ కారణం ఇదే గనుక, రెండు ప్రాంతాల్లోని అమ్మమ్మల ఇళ్లలో ఒకే రోజు కుండ నీటి వేడి కొలిచిన పిల్లలు తేమ అంటే ఏమిటో మరిచిపోరు.

చెట్ల పరిశీలనకు దూరప్రయాణం అవసరం లేదు. మోదుగ పూలు ఫాల్గుణంతో ముగుస్తుంటే రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. తురాయి ఎర్రబడేది కూడా ఈ రోజుల్లోనే. వీటిలో మొదటి రెండూ ఈ దేశపు చెట్లనీ, తురాయి మడగాస్కర్ దీవినుంచి వచ్చినదనీ తెలుసుకోవడంతో వృక్షశాస్త్రం చరిత్రతో కలుస్తుంది. ముంజలు తినే పిల్లలకు తాటిచెట్లలో పోతు, పెంటి వేరువేరుగా ఉంటాయనీ, కాయలు కాసేది పెంటి చెట్టేననీ చూపించవచ్చు. ఏదైనా ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని ఆకు, పూత, కాయ ఏ దశలో ఉన్నాయో నమోదు చేసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం దేశంలో నడుస్తున్నది. ఇలా సామాన్య ప్రజలు సేకరించిన సమాచారాన్ని శాస్త్రవేత్తలు ఉపయోగించుకునే పద్ధతిని పౌరవిజ్ఞానం అంటారు. ఇంటి చదువు పిల్లల దినచర్య పుస్తకం ఆ విధంగా ఇల్లు దాటి పనికివస్తుంది.

పక్షుల విషయంలో వేసవి అన్ని చోట్లా అనువైన కాలం కాదు. నేలపట్టు, పులికాట్ వంటి చోట్లకు వచ్చే వలస పక్షులు ఎండలు ముదిరేసరికి చాలావరకు వెళ్లిపోతాయి గనుక, మేలో అక్కడికి బయలుదేరినవారికి నిరాశే మిగలవచ్చు. ఇంటి పెరట్లో మాత్రం ఇదే సమయంలో ఒక గొప్ప నాటకం నడుస్తుంది. కాకులు గూళ్లు కట్టుకునే కాలమూ, కోకిల కూతలు పెరిగే కాలమూ ఒకటే కావడానికి కారణం, ఆడ కోకిల తన గుడ్లను కాకి గూటిలో పెట్టి పొదిగే పనిని కాకికి వదిలిపెట్టడం. కుహూ అని కూసే నల్లని పక్షి మగది. ఒంటినిండా మచ్చలతో గోధుమరంగులో ఉండేది ఆడది. దీనిని పుస్తకంలో చదవడానికి ఒక నిమిషం చాలు. ఒక గూటిని దూరంనుంచి వారాల తరబడి గమనించి రాసుకున్నవారికి ఓపిక అనేది శాస్త్రంలో భాగమని అర్థమవుతుంది.

రాత్రి ఆకాశం, కార్తెలు

పగలు ఎండ వల్ల తగ్గిన సమయాన్ని వేసవి రాత్రి తిరిగి ఇస్తుంది. మే నెల తొలి రాత్రుల్లో డాబా మీద పడుకున్నవారికి ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా కనిపిస్తుంది; అందులో వసిష్ఠుడి పక్కన మసకగా ఉండే అరుంధతిని గుర్తుపట్టడం కంటిచూపుకు పాత పరీక్ష. సప్తర్షుల తోక వంపును అలాగే పొడిగిస్తే నారింజరంగు స్వాతి, ఇంకా ముందుకు పోతే తెల్లని చిత్త దొరుకుతాయి. ధ్రువ నక్షత్రం దిక్చక్రానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే ఆ ఊరి అక్షాంశం దాదాపు అంతే. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు గనుక, హైదరాబాదులో అది రెండు పిడికిళ్ల లోపే ఉంటుంది. అమెరికాలో ఉన్న బంధువులు అదే పిడికిలితో కొలిస్తే మూడు నాలుగు రావడానికి కారణం పిల్లలే చెప్పగలరు.

రైతులు వాడే కార్తెలు కూడా ఈ ఆకాశ పాఠంలోవే. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాల గుండా సాగుతున్నట్టు లెక్కించి, ఒక్కొక్కదానిలో ఉండే సుమారు 13 లేక 14 రోజులను ఆ నక్షత్రపు కార్తె అంటారు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు కాస్తాయని నానుడి; జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తెతో తొలకరి కోసం ఎదురుచూపు మొదలవుతుంది. ఈ రెండు కార్తెల్లోనూ రోజువారీ ఉష్ణోగ్రత, గాలి దిక్కు, మబ్బుల తీరు రాసుకుంటే, ఆ నానుడి ఈ ఏడాది ఎంతవరకు నిజమైందో పిల్లలు సాక్ష్యంతో చెప్పగలుగుతారు.

ప్రయాణాలు, సాహసాలు

దూరం వెళ్లదలచిన కుటుంబాలకు విశాఖపట్నంనుంచి అరకుకు పోయే రైలు మంచి ప్రయోగశాల. సముద్రమట్టం దగ్గర బయలుదేరి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరే ఆ ప్రయాణంలో, ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందనే సూత్రాన్ని పరీక్షించవచ్చు. అయితే ప్రయాణిస్తున్నంతసేపూ పొద్దు కూడా ఎక్కుతూ ఉంటుంది గనుక, ఇంటి దగ్గర ఉన్నవారు అదే వేళల్లో వేడిని కొలిచి ఉంచితే తప్ప ఎత్తు ప్రభావం విడిగా తేలదు. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున సున్నపురాతిలో ఏర్పడినవి; గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న నీరు బలహీనమైన ఆమ్లంగా మారి లక్షల ఏళ్లపాటు రాతిని కరిగించడం వల్ల అవి తొలుచుకుపోయాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని ప్రస్తావించగా, 1982–83లో జర్మన్ గుహాన్వేషకులు వివరంగా పరిశోధించారు.

సాహసం విషయంలో పిల్లల ఉత్సాహంకంటే క్రమశిక్షణ ముఖ్యమని తెలంగాణ అనుభవమే చెబుతున్నది. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండ రాతి మీద శిక్షణతో మొదలై, మంచు పర్వతాల సాధనతో మెట్టుమెట్టుగా సాగిన కృషి ఆమె విజయానికి ఆధారం. ఇంటి చదువు కుటుంబాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. లోతు తెలియని చెరువులు, కాలువలు, క్వారీ గుంతల్లోకి ఈత రాని పిల్లలను దిగనివ్వకూడదు. రాత్రి పరిశీలనకు టార్చి, బూట్లు తప్పనిసరి; పాము కాటేస్తే కోయడం, గట్టిగా కట్టడం మాని వెంటనే విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ వెంట ఉంచుకోవాలి. ఎండలో తిరిగిన పిల్లవాడు మాట తడబడి తికమకపడితే అది వడదెబ్బగా భావించి ఒళ్లు చల్లబరుస్తూ వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి.

అందరికీ అందేది ఎంత

ఇంటి చదువుకు తల్లిదండ్రుల్లో ఒకరి సమయం, కొంత ఆర్థిక వెసులుబాటు అవసరం గనుక, అది చాలా కుటుంబాలకు సాధ్యపడదు. బడిలో దొరికే తోటిపిల్లల సాంగత్యాన్నీ, మధ్యాహ్న భోజనాన్నీ ఇల్లు సులువుగా భర్తీ చేయలేదు. అయితే పైన చెప్పిన వేసవి పాఠాల్లో బడి మానితే తప్ప సాధ్యం కానిది ఒక్కటీ లేదు. వేసవి సెలవుల్లో పిల్లలు చదువు మరిచిపోతారనే భయానికి అమెరికాలో 1996లో హారిస్ కూపర్ బృందం 39 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన ఒక ఆధారం. సగటున ఒక నెల చదువుకు సమానమైన నష్టం జరుగుతుందనీ, అది పఠనంలోకంటే గణితంలో ఎక్కువనీ అందులో తేలింది. తరువాతి పరిశోధకులు ఆ నష్టం పరిమాణాన్ని ప్రశ్నించారు గాని, వాడని లెక్క మరుగున పడుతుందన్నది కొట్టిపారేయదగిన మాట కాదు. నీడను కొలిచి త్రైరాశికం వేసే పిల్లకు ఆ లెక్క సెలవుల్లోనూ వాడుకలోనే ఉంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో ప్రభుత్వ ఆసరా కూడా ఉంది. అక్కడి జాతీయ ఉద్యానవనాల్లో పిల్లలు ఒక చిన్న పుస్తకంలోని పరిశీలనలు పూర్తిచేస్తే జూనియర్ రేంజర్ బ్యాడ్జి ఇస్తారు. నాలుగో తరగతి పిల్లలకూ, అదే ఈడు ఇంటి చదువు పిల్లలకూ ఏడాదిపాటు ఉచిత ప్రవేశ పత్రం లభిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లోని పిల్లలకు అటువంటి పత్రం లేకున్నా, నడినెత్తి సూర్యుడు, కాకి గూట్లోని కోకిల గుడ్డు, ఆవిరయ్యే కుండ నీరు అమెరికాలోని చాలా ఊళ్లలో దొరకనివి. ఒకే చోటును వారం వారం చూడడం, కొలవడం, తేదీ వేసి రాసుకోవడం అనే మూడు అలవాట్లు పట్టుబడితే, ఇంటి చదువు పిల్లలకైనా బడి పిల్లలకైనా రాబోయే వేసవికి పాఠ్యప్రణాళిక సిద్ధమైనట్టే. దానికి కావలసిన పెట్టుబడి ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం, పిల్లలతోపాటు తెల్లవారుజామున లేచే ఒక పెద్ద మనిషి.