తొమ్మిదిమంది రాజులు, ఒక తల్లి మొర



రాజ్యాంగమను మాట చెవిని బడినంతనే అది మగవారి వీధియరుగు ముచ్చట యని మనము లేచి వంటయింటికి బోవుట వాడుక. మేమును చాలకాల మట్లే యుంటిమి. కాని కన్నబిడ్డ యే దేశపు బిడ్డ యగునో నిర్ణయించునది ఆ రాజ్యాంగమే యని యెరిగిన పిమ్మట, అది పురిటింటి ముచ్చట కూడ నని గ్రహించితిమి.

మొన్న మా చోడవరమున స్వయంభూ వినాయకుని గుడియొద్ద పొరుగింటి పిన్నిగారొకరు మమ్మాపి, "అమ్మాయీ, మలేషియాలో రాజున్నాడందురు, ఎన్నికలును జరుగునందురు. రాజున్నచోట ఎన్నికలేల? ఎన్నికలున్నచోట రాజేల?" అని యడిగిరి. వారి మనుమరాలికి ఆ దేశపు సంబంధ మొకటి వచ్చియున్నది. మా వారి నడిగియు, పుస్తకములు చూచియు మేము తెలిసికొన్న దానిని పిన్నిగారికి చెప్పితిమి. మీకును ఉపయోగించునని యిచ్చట వ్రాయుచున్నాము.

ఆ దేశము మనకు పరాయిది కాదు. మా ఊరు 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినను, పెద్దల నోట నిప్పటికిని విశాఖపట్టణము జిల్లాయే. ఈ జిల్లా నుండియు, గంజాము సీమ నుండియు నెన్నియో కుటుంబములు ఓడలెక్కి మలయాకు బోయి, రబ్బరుతోటలలోను, కొబ్బరితోటలలోను కూలి చేసికొని బ్రతికినవి. 1938లో హిందూదేశ ప్రభుత్వము ఖర్చులిచ్చి కూలీలను గొనిపోవు పద్ధతిని నిషేధించువరకు ఈ రాకపోకలు సాగినవి. వారి మనుమలు, మునిమనుమలు నేడు మలేషియా పౌరులు. పేరాక్, కెడా, జొహోర్ మొదలగు చోట్ల ఇప్పటికిని తెలుగు మాట వినబడును.

రాజున్న ప్రజాప్రభుత్వము మనకును కొన్నాళ్లు కలదు. 1947 ఆగస్టు 15 మొదలు 1950 జనవరి 26 వరకు ఇంగ్లండు రాజగు ఆరవ జార్జియే మనకును పేరునకు రాజు. పాలించినది మాత్రము మన మంత్రులే. మనము ఆ రాజును విడిచి గణతంత్రమైతిమి. మలయా 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యము పొందినపుడు తన రాజులను విడువక, వారి చేతులకు రాజ్యాంగమను కంకణము కట్టినది. 1963లో సబా, సరావాక్, సింగపూరులు చేరగా మలేషియా యేర్పడెను. 1965లో సింగపూరు విడిపోయెను.

నేడచట 13 రాష్ట్రములు. వానిలో తొమ్మిదింటికి వంశపారంపర్యపు రాజులు గలరు. పినాంగు, మలక్కా, సబా, సరావాక్ అను నాలుగింటికి రాజులు లేరు, గవర్నరులు గలరు. ఆ తొమ్మిదిమంది రాజులును తమలో నొకరిని ఐదేండ్లకు సమాఖ్య రాజుగా రహస్యముగా నెన్నుకొందురు. కనీస మైదుగురు సమ్మతింపవలెను. గవర్నరులకు ఈ యెన్నికలో పాలు లేదు. ఇట్లెన్నికైన రాజును యాంగ్ ది-పెర్తువాన్ అగోంగ్ అందురు. మొదటివారు 1957లో నెగెరి సెంబిలాన్ పాలకులు. 2024 జనవరి 31న గద్దె నెక్కిన జొహోర్ సుల్తాను ఇబ్రహీము పదునేడవవారు. తోడికోడండ్రు వంతులవారీగా వంటయింటి పెత్తనము వహించునట్లు, ఈ పదవి తొమ్మిది యిండ్లును చుట్టివచ్చుచుండును. ఉమ్మడి కుటుంబమున బ్రతికినవారి కిది వింతగా తోపదు.

అయినను రాజు తన యిచ్చవచ్చినట్లు పాలింపడు. తిక్కన సోమయాజి తెనిగించిన శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు మంత్రుల యావశ్యకమును బోధించును. మంత్రి మాట వినుటయు, వినకుండుటయు నచట రాజు చిత్తము. ఇచటి వ్యవహారము తలక్రిందు. మంత్రి సలహా చెప్పును, రాజు దాని ననుసరింపవలెను. ప్రధానిని వారి భాషలో 'పెర్దాన మెంతెరి' యందురు. మన ప్రధానమంత్రియే సముద్రము దాటి యట్లైనాడు. 222 మంది ప్రజాప్రతినిధులు గల దేవాన్ రక్యత్ సభలో అధికసంఖ్యాకుల విశ్వాసము గలవాడే ప్రధాని. దానిపై 70 మంది సభ్యులు గల దేవాన్ నెగర యను పెద్దల సభ కలదు. 1983లో రాజుల సమ్మతి విషయమై పెద్ద వివాదము పుట్టెను. తుదకు 1994 సవరణ ప్రకారము, సభలు ఆమోదించిన బిల్లునకు రాజు 30 దినములలో సమ్మతి నీయకున్నను, సాధారణముగా నది చట్టమే యగును. 1993లో నేరము చేసిన రాజును విచారించుటకు ప్రత్యేక న్యాయస్థానమును గూడ నేర్పరచిరి.

మరి రాజు వట్టి బొమ్మయేనా? కాదు. ప్రధానిని నియమించుటలోను, సభను రద్దు చేయుమన్నపుడు కాదనుటలోను ఆయనకు స్వంత విచక్షణ కలదు. 2022 నవంబరు 19 నాటి యెన్నికలలో ఏ పక్షమునకును అధికసంఖ్య రాకపోగా, అప్పటి రాజు పహాంగ్ సుల్తాను అబ్దుల్లా తోడి పాలకులతో నాలోచించి, నవంబరు 24న అన్వర్ ఇబ్రహీమును ప్రధానిగా నియమించిరి. ఇంటివారందరు నొక్కమాట మీద నున్నంతకాలము మౌనముగా నుండి, మాట చీలినపుడు మాత్రమే నోరు విప్పు పెద్దదిక్కు వంటివాడా రాజు.

అధికార మింకొక విధమున గూడ పంచబడినది. ఆదాయపు పన్ను, రక్షణ, విద్య, పౌరసత్వము సమాఖ్యవి. భూమి, అడవులు, గ్రామపట్టణ పరిపాలన, ఇస్లాము మత వ్యవహారములు ముఖ్యముగా రాష్ట్రములవి. బడిపంతులు ఇల్లాలము గనుక మాకు తోచిన యుదాహరణము బడియే. బడిలో పాఠము, పంతులుగారి జీతము సమాఖ్య చేతిలోనివి. బడి నిలిచిన నేల రాష్ట్రము చేతిలోనిది. ఒక పూర్వము తోటలలో నడచిన తెలుగు బడులు మూతపడినవి. జాతీయభాష మలయా భాషయైనను, ఇతర భాషను నేర్చుటను గాని నేర్పుటను గాని నిషేధింపరాదని రాజ్యాంగమే చెప్పుచున్నది. హక్కు కాగితముమీద నున్నను, అడుగువారు లేనిచో బడి నిలువదని దీనివలన తెలియుచున్నది.

ఇక తల్లి మొరకు వత్తము. ఆ దేశమున పుట్టిన తెలుగు అన్నాచెల్లెండ్ర నూహింపుడు. అన్న మా చోడవరపు పిల్లను చేసికొనెను. ఆమె పుట్టింటికి పురిటికి వచ్చి ఇచటనే కనెను. తండ్రి మలేషియాలో పుట్టిన పౌరుడు గనుక బిడ్డకు ఆ దేశపు పౌరసత్వము హక్కుగా వచ్చును. చెల్లెలు ఇచటి వానిని పెండ్లాడి, అదే యాసుపత్రిలో, అదే మంచముమీద కనెను. ఆమె బిడ్డకు ఆ హక్కు లేకుండెను. ఏలయనగా నాడు రాజ్యాంగమున వ్రాయబడియున్న మాట 'తండ్రి' యని మాత్రమే. తల్లి దరఖాస్తు పెట్టుకొని, ప్రభుత్వము దయచూపువరకు సంవత్సరములు వేచియుండవలసి వచ్చుచుండెను. ఏ కారణముననో బిడ్డతో పుట్టింటికి మరలిన ఆడుబిడ్డ, తాను పుట్టిన నేలమీదనే తన సంతానమును విదేశీయునిగా చూచుకొనవలసి వచ్చుచుండెను.

ఆ దేశపు తల్లు లారుగు రొక సంస్థతో గూడి న్యాయస్థానమున కెక్కిరి. 2021 సెప్టెంబరులో హైకోర్టు వారికి న్యాయము చెప్పెను. 2022 ఆగస్టులో పై న్యాయస్థానమున ముగ్గురిలో నిద్దరు న్యాయాధిపతులు దానిని త్రోసివేసి, ఆ మాటను మార్పవలసినది కోర్టు కాదు, పార్లమెంటే యనిరి. పౌరసత్వపు ప్రకరణమును మార్చుటకు రాజుల సభ సమ్మతియు, ఉభయసభలలో మూడింట రెండువంతుల మద్దతును కావలెను. దేవాన్ రక్యత్‌లో అనగా 148 మంది. 2024 అక్టోబరు 17న అచట 206 మంది యనుకూలముగా నోటు వేసిరి. డిసెంబరులో పెద్దల సభయు నంగీకరించెను. వెనుక పుట్టిన బిడ్డలకిది వర్తింపదను లోపమున్నను, తల్లికిని ఆ హక్కు నిచ్చు సవరణ తుదకు ఉభయసభలను దాటినది.

చూచితిరా! న్యాయస్థానము, మంత్రివర్గము, రాజుల సభ, ఉభయసభలు, ఇన్ని గడపలు దాటి ఒక్క మాట మారినది. అధికారము కిరీటములో లేదు, ఒక్క మంత్రి సంచిలోను లేదు. అనేక గడపలలో పంచిపెట్టబడి యున్నది. ఇది ఆలస్యమునకు కారణ మగును, నిజమే. కాని యొక్క చేయి తొందరపడి చేయు నన్యాయమునకు అడ్డుకట్టయు నదియే. ఏ గడప నెవరున్నారో యెరిగి తట్టిన తల్లులకు తలుపులు తెరువబడినవి.

ఇదంతయు విని పిన్నిగారు, "అయితే రాజును చూచి మురియనక్కరలేదు, భయపడనక్కరలేదు" అని నవ్విరి. మే మింకొకటి చెప్పితిమి. పిల్లవాడు ఏ దేశమున పుట్టినదియు పెండ్లికి ముందే అడుగుడు. అతడు మలేషియా వెలుపల పుట్టినవాడైనచో, ఇచట పుట్టిన బిడ్డ జననమును సంవత్సరములోపల వారి ప్రతినిధి కార్యాలయమున నమోదు చేయింపవలెను. చెన్నపట్టణమున నట్టి కార్యాలయము కలదు. ద్వంద్వ పౌరసత్వమును ఆ దేశమును మన దేశమును గూడ నంగీకరింపవు గనుక, ఏది కావలెనో ముందే యోచింపుడు.

కట్నకానుకల మాటలకు మనము పూటలు పూటలు వెచ్చింతుము. ఈ రెండు ప్రశ్నలకు ఒక్క గడియ చాలును. జాతకము చూచునపుడే జననపత్రమును గూడ చూడుడు.