పుష్పవిలాపము – ఘంటసాల గళము

అడిక్‌మెట్ దాటి తార్నాక వైపు సాగు దారి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము గుండ పోవును. అచటి ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. ఆ విశ్వవిద్యాలయమున తెలుగు బోధించిన డాక్టర్ సి. నారాయణరెడ్డి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అను సిద్ధాంత గ్రంథమును రచించిరి, 1962లో వెలువడిన ‘గులేబకావళి కథ’ చిత్రమునకు పాటలును వ్రాసిరి. వానిని పాడినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావు ఒకరు. పరిశోధనకును పాటకును వైరము లేదనుటకు వేరు సాక్ష్యమేల? అయినను, గ్రామఫోను రికార్డుపై విన్న పద్యమును పాఠముగా అంగీకరించుటకు కొందరు జంకుదురు. అట్టి వారు ‘పుష్పవిలాపము’ను మరియొకసారి వినవలెను.

కరుణశ్రీగా ప్రసిద్ధులైన జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘ఉదయశ్రీ’లోని ఈ ఖండిక కథ చిన్నది. వేకువనే లేచి పూజకై పూలు కోయబోయిన భక్తునితో పూవులే మాటలాడును. తల్లి ఒడిలో ఆడుకొనుచున్న మమ్ము ఏల త్రుంచెదవని నిలదీయును. అతడు వట్టిచేతులతో దేవుని యెదుట నిలుచును. తర్కబుద్ధి గలవాడు, “అట్లయిన కూరగాయలు కోయుటయు పాపమే గదా!” అని నవ్వవచ్చును. పుస్తకమున చదివినపుడు ఆ నవ్వునకు తావు కలదు. ఘంటసాల పాడగా విన్నపుడు లేదు. ఏల లేదన్నదే విచారింపదగినది.

గళబలము వలన అనుట సులభము. ఆ గళము బలమైనదే. మూడు స్థాయులలోను అవలీలగా తిరుగును. కాని ఆ బలమును రంగస్థల నటులును చూపిరి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ పద్యములను పాడు నటుడు తుది అక్షరముపై రాగము తీయుట, సభ “వన్స్‌మోర్” అని కేకలు వేయుట తెలుగువారెరిగినదే. అచట పద్యము రాగమునకు మెట్టు. మైక్రోఫోను లేని కాలమున కడపటి వరుసలోని వానికిని వినిపింపవలసిన అవసరము కూడ దానికొక కారణము. ఘంటసాలకు మైక్రోఫోను పెదవి చెంతనే ఉన్నది, కేకతో పనిలేదు. పైగా 78 భ్రమణముల రికార్డు ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషములే నడచును. రెండు ప్రక్కలలో ఖండిక ముగియవలెను. రాగమును సాగదీయుటకు వ్యవధి యెక్కడిది? ఆ ఇరుకే మేలు చేసినది. ఆలాపన కురచ యయ్యెను. మాట ముందునకు వచ్చెను.

1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. తండ్రి సూర్యనారాయణ తరంగములు పాడువారు. కుమారుడు సంగీతము నేర్వవలెనని ఆయన కోరిక. దానిని తీర్చుటకై విజయనగరము చేరి, మధుకరమెత్తి కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రికి శిష్యులైరి. 1942 ఉద్యమమున జైలుకు పోయిరి. ఇంటింట జోలె పట్టిన వానికి దైన్యమును అభినయింపవలసిన పనిలేదనుట అతిశయోక్తి కావచ్చును. అయినను పూవుల మొరలో వెక్కి యేడ్చుట ఎచటను లేదు. కన్నబిడ్డను నీటిపాలు చేయు తల్లి కథ ‘కుంతీకుమారి’ కూడ ఆయన కంఠముననే ఊరూర వినబడినది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిరి. పాడియుంచిన భగవద్గీత రికార్డు ఆ పిమ్మట వెలువడినది.

ఉపాధ్యాయులకు పనికివచ్చు విషయమొకటి. భక్తుడు కొమ్మ వంచు ఘట్టమున ఒక ఉత్పలమాల కలదు. పాదమునకు 20 అక్షరములు. పదవ అక్షరమున యతి. తరగతిలో పాదాంతమున ఆగి చదువుట అలవాటు. కాని ఇచట మొదటి పాదము ముగిసినను మాట ముగియదు. గోరు అను మాట రెండుగా చీలి, ‘గో’ ఇటును, మిగిలినది అటును పడినది. గణవిభజన మాత్రమే నేర్చిన బాలుడు అచట ఆగును. మాట తెగును, కథయు తెగును. ఘంటసాల పాదమును దాటి, మాటను పూర్తిచేసి, అర్థము నిలిచిన చోట నిలుతురు. ఛందస్సు చెడదు, లోలోపల నడచుచునే యుండును.

ఈ పద్యమును ముందు విద్యార్థిచేత చదివింపవచ్చును. పిమ్మట పాట వినిపింపవలెను. దానికిప్పుడు గ్రామఫోను అక్కరలేదు, జేబులోని ఫోను చాలును. ఏమియు చెప్పక పుస్తకమును మరల అతని చేతికిచ్చి, ఈసారి ‘గో’ వద్ద ఆగునో లేదో వినవలెను.