నదుల పేర్లు మోసే మనుషులు

బ్రిటన్ దీవికి పడమటి వైపు, కొండలతో వాగులతో నిండిన చిన్న దేశం వేల్స్. అక్కడివారి సొంత భాష వెల్ష్. ఇది ఇంగ్లీషుకు యాస కాదు. ఇంగ్లీషు ఆ దీవిలో అడుగు పెట్టకముందే అక్కడ వినిపించిన కెల్టిక్ భాషకు వారసురాలు. ఈ దేశంలో ఆలెడ్, ఐరోన్ అనే పేర్లుగల మగవాళ్లున్నారు. ఇవి అక్కడ పారే నదుల పేర్లు కూడా! మనుషులకు నదుల పేర్లు ఎలా వచ్చాయి?

పూర్వం వెల్ష్ వారికి మనకున్నట్లు ఇంటిపేర్లు లేవు. పేరు పక్కన 'ఆప్' అని చేర్చి తండ్రి పేరు చెప్పేవారు. 'ఆప్' అంటే కుమారుడు. 1536లో చేసిన చట్టంతో వేల్స్‌కు ఇంగ్లండు న్యాయవిధానం వచ్చింది. కోర్టుల్లో ఇంగ్లీషు ప్రవేశించింది. ఆ తరువాత స్థిరమైన ఇంటిపేర్లు మెల్లమెల్లగా వ్యాపించాయి. 'ఆప్ రీస్' ప్రైస్‌గా, 'ఆప్ హవెల్' పవెల్‌గా మారాయి. జాన్ సంతతి జోన్స్‌లు, డేవిడ్ సంతతి డేవిస్‌లు అయ్యారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. వాడుకలో ఉన్న పేర్లు బహు కొద్ది. ఒకే ఊళ్లో నలుగురు జాన్ జోన్స్‌లుంటే ఉత్తరం ఎవరికివ్వాలి? బాకీ ఎవరి పద్దులో రాయాలి? అందుకని చేసే పనినో, ఉండే చోటునో చేర్చి పిలవసాగారు.

కవులకు ఈ అలవాటు అంతకుముందే ఉంది. సుమారు 500 ఏళ్ల కిందటి టిదిర్ ఆలెడ్ తన ప్రాంతపు నది పేరును ధరించాడు. రైల్వేలో ఉద్యోగం చేసిన జాన్ హ్యూస్ (1832–1887) తాను పుట్టిన లోయలోని నది పేరు పెట్టుకుని 'కైరియోగ్'గా ప్రసిద్ధుడయ్యాడు. క్రమంగా ఇటువంటి పేర్లు పసిపిల్లలకూ పెట్టసాగారు.

ప్రాంతాల పేర్లూ ఇలాగే వచ్చాయి. 'ఆర్వోన్' అంటే 'మోన్ దీవికి ఎదురుగా ఉన్నది' అని అర్థం. మోన్ కాస్తా వోన్ ఎలా అయింది? వెల్ష్‌లో ముందున్న మాటను బట్టి తరువాతి మాట మొదటి అక్షరం మారుతుంది. తల్లి, తండ్రి కలిసి 'తల్లిదండ్రులు' అయినప్పుడు 'త' 'ద'గా మారడం మీరు వ్యాకరణంలో చదివారు కదా! రెండు భాషలకూ చుట్టరికం లేకపోయినా పోలిక ఎంత చక్కగా ఉందో చూడండి.

ఇక 'హావ్రెన్' సంగతి. ఇది ఆడపిల్లల పేరు. సుమారు 354 కిలోమీటర్లు పారే సెవర్న్ నదికి వెల్ష్ పేరు. 2వ శతాబ్దంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఈ నదిని 'సబ్రీనా' అన్నాడు. వెల్ష్ రూపుదిద్దుకునే కాలంలో ఎన్నో మాటల మొదటి 'స' 'హ'గా మారింది. మన సింధు పారశీకుల నోట 'హిందు' అయినట్లే! ఇంగ్లీషువారి 'సెవర్న్'లో మాత్రం 'స' చెక్కుచెదరలేదు. అంటే, ఈ మార్పు పూర్తికాకముందే వారు ఆ పేరు విన్నారని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తారు.

రాజ్యాలు మారాయి, చట్టాలు మారాయి, ఇంటిపేర్లు కొత్తగా వచ్చాయి. నదుల పేర్లు మాత్రం నోటినుంచి నోటికి నడిచి వచ్చాయి. హావ్రెన్ అని ఒక తల్లి బిడ్డను పిలిచినప్పుడల్లా, దాదాపు రెండు వేల ఏళ్ల నాటి మాట ఒకటి మళ్లీ పలుకుతుందన్నమాట.