కరెంటు చిట్టా

కంప్యూటరు అనగానే స్విచ్చి వేస్తే వెలుగుతుందని మనకొక ధీమా. హాస్టలు గదిలో ఫ్యానుకీ, కంప్యూటరుకీ ప్లగ్గు ఒకటే గదా! కాని ఆ ప్లగ్గు దాటి లోపలికి పోయిన కరెంటును ఎవరెవరికి ఎంతెంత పంచాలో గూర్చి ఎక్కడో ఒక చిట్టా వ్రాసి ఉంటుంది. ఆ చిట్టాలో ఒక్క అంకె తప్పితే బోర్డులో ఒక చిప్పు మాడిపోవచ్చును. అట్టి ఉదంతం ఒకటి నిజంగానే జరగబోయింది. దాన్ని చెప్పడానికే యీ వ్యాసం.

బీగిల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటరు 2013లో వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి మనం ఇచ్చేది 5 వోల్టులు. కాని లోపల ఆ 5 వోల్టులు నేరుగా తినేవారు బహు తక్కువ. ప్రాసెసరుకు వోల్టుకు అటూ ఇటూ చాలు, డి.డి.ఆర్.3 మెమరీకి 1.5, కొన్నింటికి 1.8; మెమరీ కార్డుకు 3.3. ఇన్ని వంటలు వండిపెట్టే వంటవాడు టి.పి.ఎస్.65217 అనే చిప్పు. అందులో వోల్టేజిని దించే కన్వర్టర్లు మూడు, ఎల్.డి.ఓ. అనే చిన్న రెగ్యులేటర్లు నాలుగు. 'ఫలానా లైనుకు ఇంత ఇవ్వు' అని ప్రాసెసరు ఐ2సీ అనే రెండు తీగల మీదుగా దానికి చెబుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. యు.ఎస్.బి. పరికరాన్ని గుచ్చితే అది తన పేరూ ఊరూ తానే చెప్పుకుంటుంది. ఐ2సీ మీద ఉన్న చిప్పు అట్లా చెప్పుకోదు. అది ఉన్నదనీ, దాని మూడో ఎల్.డి.ఓ. ఫలానా చోటికి పోతుందనీ లినక్స్ కెర్నెల్‌కు ఇంకొకరు చెప్పాలి. పూర్వం ఆర్మ్ ప్రాసెసర్ల విషయంలో బోర్డుకొక ఫైలు చొప్పున సీ భాషలోనే వ్రాసి కెర్నెల్‌లో కుక్కేవారు. ఆ కుప్ప చూసి 2011లో లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే విసుక్కున్నాడు. ఆ తర్వాత ఆర్మ్ వారు కూడ 'డివైస్ ట్రీ' పద్ధతికి మళ్ళారు. అది కొత్తదేమీ కాదు. సన్ యంత్రాలలోనూ, పాత పవర్‌పీసీ మాకింటోష్‌లలోనూ ఉన్న ఓపెన్ ఫర్మ్‌వేర్ నుండి వచ్చినదే. రెగ్యులేటర్లను నడిపే భాగం కెర్నెల్‌లో 2008 నుండి ఉంది.

డివైస్ ట్రీలో ప్రతి లైనుకూ ఒక పద్దు ఉంటుంది. 'రెగ్యులేటర్-మిన్-మైక్రోవోల్ట్', 'రెగ్యులేటర్-మాక్స్-మైక్రోవోల్ట్' అని రెండు అంకెలు. లెక్క మైక్రోవోల్టులలో, 1.8 వోల్టులు కావాలంటే 18,00,000 అని వ్రాయాలి. దశాంశ బిందువుల బెడద ఉండదు. అయితే మనలో చాలమంది పొరపడేది ఒకటుంది. ఆ రెండు అంకెలూ 'ఇంత ఇవ్వు' అనే ఆజ్ఞ కావు. పొలానికి హద్దురాళ్ళ వంటివి. వాటి నడుమ ఏ డ్రైవరు ఎంత అడిగినా కెర్నెల్ కాదనదు. హద్దు దాటి అడిగితేనే తిరస్కరిస్తుంది. హద్దురాయి తప్పుచోట పాతింది మనమైతే కెర్నెల్ మాత్రం ఏం చేస్తుంది?

ఇక ఆ ఉదంతం. బ్లాక్‌కు ముందు 2011లో వచ్చిన మామూలు బీగిల్‌బోన్ ఉంది. రెండూ దాదాపు అన్నదమ్ములే, తమ్ముడికి హెచ్.డి.ఎం.ఐ., ఈ.ఎం.ఎం.సి. అదనం. కాబట్టి అన్న చిట్టాతోనే తమ్ముణ్ణి బూటు చేయవచ్చు ననిపిస్తుంది. బూటవుతుంది కూడ! కాని అన్న చిట్టాలో మూడో ఎల్.డి.ఓ. హద్దులు 1.8 నుండి 3.3 వరకు, పైగా మెమరీ కార్డుకు కరెంటు ఆ లైనుదే అని వ్రాసి ఉంది. కార్డు పెట్టగానే కార్డు డ్రైవరు 3.3 అడుగుతుంది. హద్దులోనే ఉంది గనుక కెర్నెల్ ఇస్తుంది. తమ్ముడి బోర్డులోనో, ఆ లైను 1.8 మీద ఉండాలి, హెచ్.డి.ఎం.ఐ. చిప్పు దాని మీదే బ్రతుకుతోంది. కార్డుతో ఓ డజనుసార్లు బూటు చేస్తే ఆ చిప్పు పోతుందని, బ్లాక్‌కు వేరే చిట్టా చేర్చినప్పుడు కెర్నెల్‌లో హెచ్చరిక వ్రాసిపెట్టారు. మొదటిసారే పోతే మనిషి జాగ్రత్తపడతాడు. పన్నెండుసార్లు బాగా పనిచేసి పదమూడోసారి పోతే ఎవరిని అనుమానిస్తాం?

కొత్త చిట్టాలో మార్పు స్వల్పం. ఆ లైనుకు కిందా పైనా 1.8 అనే వ్రాశారు. కార్డుకు 'రెగ్యులేటర్-ఫిక్స్‌డ్' అనే మార్పులేని 3.3 లైను ఒకటి వేరే చూపించారు.

మా సొంత అనుభవం ఇంత ఘనమైంది కాదు గాని, నిద్ర మాత్రం పోయింది. ప్రాజెక్టు కోసం మేము కట్టిన అదనపు బోర్డు మీద ఒక సెన్సారు. దాని లైనుకు 'రెగ్యులేటర్-బూట్-ఆన్' అని వ్రాసి ఊరుకున్నాం. సెన్సారు చక్కగా పలికేది, సుమారు అర నిమిషం! తర్వాత మౌనం. తీగలు మార్చాం, సెన్సారు మార్చాం, ఒకరినొకరు తిట్టుకున్నాం. మూడో రాత్రి మల్టీమీటరు ముల్లు ఆ లైను మీద పెట్టి గడియారం చూస్తూ కూర్చుంటే, సరిగ్గా 30 సెకన్లకు వోల్టేజి సున్నా!

సంగతేమంటే, బూటు ముగిశాక కెర్నెల్ కాసేపు ఆగి, ఎవరూ అడగని లైన్లన్నీ ఆపేస్తుంది. మితవ్యయం అన్నమాట. సెన్సారును మా ప్రోగ్రామే నేరుగా చదువుతోంది. డ్రైవరేదీ లేదు, అంచేత ఆ లైను కావాలని అడిగినవాడు లేడు. 'బూట్-ఆన్' అంటే మొదట వెలిగించమనే గాని, వెలిగే ఉండమని కాదు. 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' చేర్చాక బాగుపడింది. అది సోమరి మార్గమే, ఒప్పుకుంటాను. డ్రైవరు వ్రాసి, దాని పద్దులో సప్లయి లైను చూపడమే పద్ధతి. సబ్మిషను వారం ఉంది మరి!

తర్వాత కెర్నెల్ లాగ్ తీసి చూస్తే, ఆ లైను పేరు పక్కనే 'డిజేబ్లింగ్' అని మొదటి రాత్రి నుండీ ఉంది. ఇలాంటి పనికి దిగే జూనియర్లు ముందు ఆ లాగ్ చూడండి. డీబగ్ ఎఫ్.ఎస్.లో 'రెగ్యులేటర్ సమ్మరీ' అనే ఫైలు కూడ ఉంటుంది: ఏ లైను దేని కింద ఉందో, ఎందరు వాడుకుంటున్నారో, ఎన్ని మిల్లీవోల్టులో అందులో వరుసగా కనిపిస్తాయి. 'వాడుకుంటున్నవారు' అన్నచోట సున్నా ఉంటే, మల్టీమీటరు తీయనక్కర లేదు.