దురదే కాదు, నొప్పి కూడా చెప్పండి!

పుంగనూరు నుంచి మా చిన్నత్త పోయిన సంక్రాంతికి మదనపల్లెకు వచ్చింది. ఆమె రోట్లో నూరిన ఊరిబిండి అంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం. ఆసారి మాత్రం రోలు దగ్గరికే పోలేదు. "చేతగాక కాదు పాపా, చూడు" అని అరచేయి చాపింది. ఎర్రబడి, పొలుసులు లేచి, గీతల వెంబడి చీలిపోయి ఉంది. అందులో మిరపకారం పడితే ఎట్లుంటుందో వేరే చెప్పాలా?

"డాక్టరుకు చెప్పలేదా అత్తా?"

"దురద అని చెప్పినా. నొప్పి గూడా చెప్తారా ఎవరన్నా?"

చెప్పాలి! సోరియాసిస్ ఉన్నవాళ్లలో చాలామంది దురదకు మందు అడుగుతారు. నొప్పిని మాత్రం పంటి బిగువున భరిస్తారు.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. కంచం, గ్లాసు వేరుగా పెట్టనక్కర్లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ గాడి తప్పడంతో, నెల రోజుల్లో తయారై రాలాల్సిన చర్మకణాలు కొద్ది రోజుల్లోనే పుట్టుకొచ్చి పేరుకుంటాయి. అలా మందమైన చర్మం మడతపడే చోటల్లా చిట్లుతుంది. ఇది మొదటి రకం నొప్పి.

మా మదనపల్లె చలికి ఈ పగుళ్లు ఇంకా ముదురుతాయి. మార్కెట్లో టమోటాలు ఏరే ఆడవాళ్లకు పులుపు రసం, పట్టుదారం తీసేవాళ్లకు వేడినీళ్లు, మనకేమో అంట్ల సబ్బు. అన్నీ పుండు మీద కారమే! ఇలాంటి చేతులకు వచ్చేది ఎగ్జిమా కూడా కావచ్చు. ఏదో తేల్చాల్సింది చర్మవ్యాధుల డాక్టరే.

పగుళ్లు నొప్పెడుతుంటే...

* గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. పీచుతో రుద్దకండి. తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ రాయండి.

* రాత్రిపూట కాస్త మందంగా రాసి, పాత నూలు సాక్సులు తొడుక్కోండి.

* అంట్లు తోమేటప్పుడు రబ్బరు గ్లౌజుల లోపల నూలు గ్లౌజులు వేసుకోండి.

* పొలుసులు గిల్లవద్దు. గాయమైన చోట కొత్త మచ్చలు లేస్తాయి.

* స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

* చీము పట్టినా, ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి.

రెండో నొప్పి కీళ్లది. సోరియాసిస్ ఉన్న పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఇది వస్తుంది. పొద్దున లేవగానే అరగంటకు పైగా వేళ్లు బిగుసుకుపోతాయి. ఒక వేలు మొత్తం వాచిపోతుంది. మడమ పోటు పెడుతుంది. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. 'వయసు నొప్పులు' అనుకుని వదిలేస్తే కీళ్లు శాశ్వతంగా వంకరపోవచ్చు.

మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రోజూ మింగితే కడుపుకీ, కిడ్నీలకూ ముప్పు. ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ బిళ్లలు వాడి ఒక్కసారిగా మానేస్తే జబ్బు విరుచుకుపడవచ్చు. డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి, ఆ మందు బిడ్డకు చేటు.

మా చిన్నత్త గోళ్ల మీదా ఆ గుంటలున్నాయి. పలమనేరు మీదుగా బస్సెక్కించి కుప్పంలోని వైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోయాం. "పొద్దున జడ అల్లుకోను చేతులు వంగుతాయా అమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నేళ్లలో ఆ మాట ఇంట్లో మేమెవరమూ అడగలేదు.

జబ్బు పూర్తిగా పోలేదు, పోతుందని డాక్టరమ్మా చెప్పలేదు. కానీ కొన్ని నెలలు మందు పడ్డాక జడ తనే అల్లుకుంటోంది. ఈ సంక్రాంతికి ఊరిబిండి మామ నూరాడు. పక్కన పీట వేసుకుని కూర్చుని, ఉప్పెంతో అత్త చెప్పింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి చేతులుంటే, 'దురద తగ్గిందా?' అన్నాక ఇంకో మాట కూడా అడగండి. 'నొప్పిగా ఉందా?' అని.