నాలుక పెదవిని తాకే భాష

పిల్లలూ! అద్దం ముందు నిలబడి 'ప' అనండి. రెండు పెదవులూ కలిసి విడిపోయాయి గదా! అందుకే మన వ్యాకరణం 'ప'ను ఓష్ఠ్యమంటుంది. ఇప్పుడు 'త' అనండి. నాలుక కొస పైపళ్ళను తాకింది. కనుక అది దంత్యం. మరి నాలుక కొసను పైపెదవికే ఆనించి, ఊపిరిని ఒక్క క్షణం ఆపి వదిలితే? 'ప'కూ 'త'కూ నడుమ ఒక వింత ధ్వని పుడుతుంది. దాన్ని రాయడానికి మన లిపిలో అక్షరం లేదు.

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దేశంలో కొన్ని భాషలవారికి ఇది వింత కాదు. అక్కడ ఎస్పిరిటు శాంటో అనే పెద్ద దీవికి దక్షిణాన అరకి అనే చిన్న దీవి ఉంది. అరకి భాషలో అచ్చులు 5, హల్లులు 16. ఆ హల్లుల్లో మూడింటిని నాలుకతో పైపెదవిని తాకి పలుకుతారు. మొదటిది ఇందాక మీరు పలికినదే. రెండవదానికి నాలుకను అక్కడే ఉంచి, గాలిని ముక్కుగుండా పంపాలి. మూడవదానికి నాలుకకూ పెదవికీ మధ్య సన్నని సందు వదిలి, గాలిని రాపిడితో పోనివ్వాలి. 'నవ్వడం' అనే మాట అరకిలో ఆ రెండవ ధ్వనితోనే మొదలవుతుంది. నాలుక పైపెదవి మీద పెట్టి 'మన' అనబోండి. మీకే నవ్వు వస్తుంది!

ఈ ధ్వనులు ఎలా పుట్టాయి? ఫిజీ భాషలో రాయిని 'వతు' అంటారు. అరకికి పొరుగున ఉన్న తంగోవా దీవి భాషలోనూ దాదాపు అదే మాట. కాని అక్కడ మొదటి ధ్వనిని నాలుకను పైపెదవికి చేర్చి పలుకుతారు. ఈ భాషలన్నీ ఒక తల్లి బిడ్డలే. తల్లిభాషలో రెండు పెదవులతో పలికిన ధ్వనే ఇక్కడ ఇలా మారింది.

వనువాటు జనాభా సుమారు 3 లక్షలు. భాషలు మాత్రం వందకు పైగా ఉన్నాయి! ఫ్రెంచి భాషా శాస్త్రవేత్త అలెక్సాండ్ర్ ఫ్రాన్స్వా 1990ల చివర అరకి భాషను పరిశీలించేనాటికి, దాన్ని చక్కగా మాట్లాడేవారు ఇరవైమంది కూడా లేరు. అలాగని దీవి ఖాళీ కాలేదు. జనం ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. అయితే వారి నోట అరకికి బదులు తంగోవా భాష వినిపిస్తోంది. చూశారా! ఒక భాష పోవడానికి మనుషులు పోనక్కరలేదు. ఇంట్లో పెద్దలు పిల్లలతో మరో భాషలో మాట్లాడితే చాలు.

ఫ్రాన్స్వా అరకి పెద్దల కథలను రికార్డు చేసి, వ్యాకరణాన్నీ పదాలనూ కూర్చి 2002లో పుస్తకంగా తెచ్చారు. ఆ మాటలు అక్కడ భద్రంగా ఉన్నాయి. పసిబిడ్డ ఏ దేశపు ధ్వనినైనా విని నేర్చుకోగలదు. కాని ఆ ధ్వనిని రోజూ వినిపించేవారు ఇంట్లో ఉండాలి. అరకి భాషకు కరువైంది వారే.