మీకు తెలుసా? ఈ సూదికి బెజ్జం లేదు!

ఉన్నితో బొమ్మలు చేసే ఫెల్టింగ్ సూదికి బెజ్జం ఉండదు, దారంతో పనే లేదు. మొన దగ్గర అంచుల మీద కంటికి ఆననంత చిన్న గాట్లు ఉంటాయి. పొడిచినప్పుడల్లా అవి పైనున్న పోగులను లోపలికి లాక్కెళ్లి చిక్కు వేస్తాయి. సూది వెనక్కి వచ్చేస్తుంది, పోగులు లోపలే ఉండిపోతాయి. అలా పొడిచేకొద్దీ మెత్తటి ఉన్ని గట్టి ముద్దవుతుంది.

● గేజ్ నంబరు పెరిగితే సూది సన్నం: బొమ్మకు మొదటి ఆకారం తేవడానికి 36, మామూలు పనికి 38, కళ్లూ ముక్కూ తీర్చడానికి 40 లేదా 42 గేజ్ వాడతారు.

● పుట్టింది ఫ్యాక్టరీలో: ఇవి మొదట నేయకుండానే పోగులను వస్త్రంగా మార్చే యంత్రాల సూదులు. 1980లలో అమెరికాలో చేతిపనికి వచ్చాయి.

● ఇలా కాపాడుకోండి: ఉన్ని కింద మందపాటి స్పాంజి పెట్టుకోండి. దిగిన దారిలోనే సూదిని నిటారుగా పైకి తీయండి, పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది. ఇది ఉక్కు కాబట్టి తడి తగిలితే తుప్పు పడుతుంది. పొడి డబ్బాలో, పిల్లలకు అందకుండా దాచండి. పోగులను పట్టడం మానేసిందంటే గాట్లు అరిగినట్టే, కొత్త సూది తీయండి.